టీతో వేసుకున్న బిళ్ళ

రేపల్లెలో మా చెల్లెలి కూతురి సీమంతానికి వెళ్ళి, గాజులు తొడగబోతూ ఆ పిల్ల పేరు మర్చిపోయాను. "ఏంటి పెద్దమ్మా, అట్లా చూస్తున్నావు?" అందది. నవ్వేసి ఊరుకున్నాను గానీ లోపల భయం పట్టుకుంది. నందివెలుగులో మా వీధి పిల్లల్లో ఎవరు ఏ గాలివానకి పుట్టారో నన్నే అడుగుతారు. చదువు అయిదో తరగతితో ఆగింది. నాకున్నదల్లా ఆ జ్ఞాపకమే.

అప్పటికే ఒళ్ళు బరువు, జుట్టు ఊడటం, ఎండాకాలంలోనూ దుప్పటి. వయసనుకున్నాను. తెనాలిలో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, "హైపోథైరాయిడ్ అమ్మా, ఈ మతిమరుపూ దానివల్లే. టీఎస్‌హెచ్ బాగా ఎక్కువుంది. రోజూ పరగడుపున ఈ బిళ్ళ వేసుకోవాలి" అన్నారు. ఒక్కరోజు మానలేదు. అయినా మళ్ళీ చూస్తే తగ్గలేదు. డోసు పెంచారు. ఊహూఁ. పొయ్యి మీద పాలు కూడా మర్చిపోతున్నాను. మా ఆయన, "బిళ్ళలు పెరట్లో పారేస్తున్నావా ఏంటే?" అన్నాడు. ఆ మాటకి ఏడుపొచ్చింది.

మూడోసారి డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టి, "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తావో వరసగా చెప్పమ్మా" అన్నారు. చెప్పడం నాకు చేతనైన పనే కదా.

"వాకిలూడ్చి ముగ్గేస్తానండి. అల్లం దంచి టీ పెట్టుకుని, ఆ టీతోనే బిళ్ళ మింగుతానండి..."

"ఆగమ్మా. పరగడుపున అన్నాను కదా?"

"పరగడుపేనండి. టీ తిండి ఏంటండి? శనివారం ఒక్కపొద్దు నాడు కూడా తాగుతాం కదా!"

ఆవిడ కళ్ళజోడు తీసి నవ్వారు. "దేవుడు ఊరుకుంటాడేమో గానీ ఈ బిళ్ళ ఊరుకోదమ్మా. టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. మంచినీళ్ళతో వేసుకుని గంట ఆగి తాగు. ముందే అడగాల్సింది, నాదీ తప్పే."

మొదట్లో ఆ గంటసేపు తల పగిలిపోయేది. నా ఎదురుగా తాగలేక మా ఆయనా ఆగాడు. "అయిందా?" "ఇంకా పావుగంట." ఇద్దరం గడియారం వంక చూస్తూ కూర్చునేవాళ్ళం. రెండు పరీక్షల తర్వాత టీఎస్‌హెచ్ దారికొచ్చింది, డోసూ తగ్గించారు. పేర్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. కొన్ని ఇంకా రాలేదు, అబద్ధమెందుకు.

డాక్టరు పరగడుపున అంటే, టీ తాగొచ్చా అని నోరు తెరిచి అడగండి. మనం దాన్ని తిండి కింద లెక్కెయ్యం అన్న సంగతి వాళ్ళకి తట్టకపోవచ్చు.

మొన్న అన్నప్రాశనలో చెల్లెలి కూతురు బిడ్డని నా ఒళ్ళో పెట్టి, "పెద్దమ్మా, నా పేరేంటో చెప్పు చూద్దాం" అంది. దానికి సీమంతం రోజే తెలిసిపోయిందన్నమాట!

"సుధారాణీ," అన్నాను, "నువ్వు పుట్టినప్పుడు కరెంటు పోతే లాంతరు పట్టుకుంది నేనే."