ఇంటిపేరు గడి

మా కింది వాటాలో అద్దెకుండే నర్సు పోయిన మంగళవారం చనిపోయింది. కామెర్లు ముదిరి, తను డ్యూటీ చేసే వార్డులోనే పోయిందని ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి హిందీలో చెప్పారు. విన్న మాటను తెలుగులో ఇంకొకరితో చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరూ లేరు. మా కోడలు ఇక్కడి పిల్ల. మనవలకు తెలుగు అర్థమవుతుంది కానీ, జవాబు హిందీలోనే ఇస్తారు. రాయపూర్‌లోని ఈ గుఢియారీ పేటలో నాతో రోజూ తెలుగు మాట్లాడిన మనిషి ఆ నర్సు ఒక్కతే.

ఆమెది గోదావరి వైపు. తల్లి పోయాక ఉద్యోగం కోసం ఒంటరిగా రాయపూర్ వచ్చింది. బీర్‌గావ్ దగ్గరి ఆసుపత్రిలో పనిచేస్తూనే హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో పీజీ కట్టింది. రోగుల వివరాలు కంప్యూటర్‌లో పొరపాటు లేకుండా ఎలా ఉంచాలో చెప్పే చదువట అది. సాయంత్రం డ్యూటీ దిగి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, స్టీలు గ్లాసులో టీ పట్టుకుని మా మెట్ల మీద కూర్చునేది. చదివిన పాఠం నాకు తెలుగులో అప్పజెప్పాలి. తడబడితే మళ్లీ మొదటినుంచి చెప్పించేదాన్ని.

"మా గైడు కంటే మీరే గట్టి, అమ్మమ్మగారూ. ఆయనైతే చూడకుండా సంతకం పెట్టేస్తాడు."

"అందుకే ఆయన దగ్గర చదువు, నా దగ్గర పరీక్ష," అనేదాన్ని.

ప్రాజెక్టుకు ఆమె ఎంచుకున్నది మన పేర్ల గొడవే. మనం ఇంటిపేరు ముందు చెబుతాం, ఇక్కడివాళ్లు చివర చెబుతారు. ఒకసారి అలా, ఒకసారి ఇలా ఎక్కితే కంప్యూటర్ లెక్కలో ఇద్దరు మనుషులు. అలా నాకూ రెండు ఫైళ్లున్నాయని ఆమే కనిపెట్టింది. నాకు సల్ఫా మందు పడదని ఒకదాంట్లో ఉంది, రెండోదాంట్లో లేదు.

"ఆ రెండో ఆవిడకి ఎవరైనా సల్ఫా రాశారంటే, పోయేది మీరే అమ్మమ్మగారూ," అంది. ఆ మాట నవ్వుతూ అనలేదు.

కౌంటర్‌లోని కంప్యూటర్‌లో ఇంటిపేరుకు విడిగా ఒక గడి పెట్టించింది. ఇంటిపేరంటే ఏమిటని కౌంటర్ అమ్మాయి అడిగితే, హడావుడిలో 'ఘర్ కా నామ్' అని చెప్పి వార్డులోకి పరుగెత్తింది. హిందీలో ఆ మాటకు ఇంట్లో పిలిచే ముద్దుపేరని అర్థం. వారం తిరిగేసరికి రిటైరైన రైల్వే గార్డుగారు బుజ్జి అయ్యారు. ఆయన భార్య పాప. ఆరడుగుల ఇంజను డ్రైవరు చంటి.

అది చెబుతూ ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను.

"మీ ఘర్ కా నామ్ ఏంటండీ?" అంది.

"పెద్దవాళ్లను అడిగే ప్రశ్నేనా అది?"

"నాకొకటి ఉండేది. మా అమ్మ పోయాక ఇంకెవరూ పిలవలేదు," అని ఆ పేరు చెప్పింది.

అప్పటినుంచి నలుగురిలో సిస్టర్ అనీ, మెట్ల మీద ఆ పేరుతోనూ పిలిచాను. ఇక్కడ అది రాయను.

ఆ బుజ్జిలనూ చంటిలనూ చూసి పై అధికారి మండిపడ్డాడు. "యే సబ్ హటావో, సిస్టర్," అన్నాడట, గడితో సహా అన్నీ తీసెయ్యమని. తప్పు గడిది కాదు, నా తర్జుమాది అని ఆమె బతిమాలుకుంది. 'ఇంటిపేరు' అన్న మాటనే హిందీ అక్షరాల్లో ఆ గడి మీద రాయించి, కౌంటర్ పిల్లల చేత పలికించింది. "కొన్ని మాటలు మార్చకూడదండీ, నేర్పాలంతే," అనేది. పీజీ పాసైంది. మర్నాడు మళ్లీ ఇంజెక్షన్ల డ్యూటీకే వెళ్లింది.

కామెర్లతో ఆమె ఆసుపత్రిలో చేరాక చూడ్డానికి వెళ్తే, కళ్లు పసుపుముద్దల్లా ఉన్నాయి. నేను తీసుకెళ్లిన జావ రెండు చెంచాలే తాగింది.

"నేను లేకపోతే ఆ గడి తీసేస్తారు అమ్మమ్మగారూ. కావాలని అడిగేవాళ్లెవరున్నారు?"

"ముందు జావ తాగు," అన్నాను.

సమాధి తోటలో ఆమెను దించాక, ఇంటికొచ్చి చూస్తే కింది వాటాకు తాళం. మెట్ల మీద టీ గ్లాసుతో కాసేపు కూర్చున్నాను. టీ చల్లారాక లోపలికి వచ్చేశాను.

నిన్న బీపీ మాత్రల కోసం ఆ ఆసుపత్రికే వెళ్లాను. కౌంటర్‌లో కొత్త పిల్ల, ఛత్తీస్‌గఢీ పిల్ల. నా వయసు ఆడవాళ్లను వాళ్లు దాయీ అని పిలుస్తారు. పేరు చెప్పాను, కంప్యూటర్‌లో కొట్టింది. ఇంకేమీ అడక్కుండా చీటీ చేతికిస్తుందేమోనని నేను కౌంటర్ అంచు పట్టుకుని చూస్తున్నాను. ఆ పిల్ల తలెత్తింది.

"దాయీ, ఇంటిపేర్?"

చెప్పాను. వినపడలేదు కాబోలు, "జోర్ సే బోలో, దాయీ," అంది. ఈసారి గట్టిగా చెప్పాను. ఇంటిపేరంటే ఏమిటో తెలుసా అని అడిగాను.

"మతలబ్ నహీ పతా. సిస్టర్ దీదీ బోలీ థీ, సబ్ సే పూఛ్‌నా."

అర్థం తెలియదట. అందరినీ అడగమని సిస్టర్ దీదీ చెప్పిందట. తెర కొంచెం నా వైపు తిప్పింది. గడిలో మా ఇంటిపేరు, పక్కన నా పేరు, కింద ఎర్రటి అక్షరాల్లో సల్ఫా పడదన్న మాట. అంతా ఒకే ఫైలులో ఉంది. వెనకనున్న మనిషి జరగమని భుజం తట్టేదాకా నేను ఆ గడి వైపే చూస్తూ నిలబడ్డాను.