కాదనడానికి మాత్రం ఇంగ్లీషు

మొన్న మా ఈడు ఆడవాళ్లం బతుకమ్మ పాటలు సాధన చేసుకుందామని, బాన్సువాడలో ఒక సాంస్కృతిక సంఘం వారి హాలు అడగడానికి వెళ్తే, కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి తెర వైపే చూస్తూ "స్లాట్ అవైలబుల్ లేదక్కా, రిక్వెస్ట్ రిజెక్ట్ అయింది" అన్నాడు. మన సంస్కృతి కోసమే పుట్టామని గోడ మీద అంత పొడుగు అక్షరాలతో రాసుకున్న చోట, మన పాటలకు దొరికిన జవాబు ఇది. నవ్వు రాలేదు కానీ, నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్ల చెరుకు ఆఫీసు గుర్తొచ్చింది.

మీలో చాలామందికి అలాంటి ఆఫీసు ఒకటి తెలిసే ఉంటుంది. డిగ్రీ పూర్తి చేసి, ఇంట్లో అందరితో వాదించి, ఎవరి తోట ఎప్పుడు నరకాలో వరుస తేల్చే చక్కెర ఫ్యాక్టరీ వారి చెరుకు ఆఫీసులో కిటికీ దగ్గర కుర్చీ సంపాదించుకున్న రోజులవి. రైతులు తెలుగులో మాట్లాడేవారు, బండ్ల రాకపోకలు చూసే పెద్దాయన ఉర్దూలో, చెరుకు నరకడానికి మహారాష్ట్ర నుంచి వచ్చే కూలీల మేస్త్రీ మరాఠీలో. ఒకే గదిలో ఇన్ని భాషలు తిరుగుతున్నా ఎవరి పనీ ఆగేది కాదు. ఇంగ్లీషును మాత్రం ఒక్క పనికే దాచుకునేవారు, కాదనడానికి. సరేననాల్సి వస్తే మా మేనేజర్ సార్ తెలుగులోనే అనేవారు, చాయ్ కూడా తెప్పించేవారు. కాదనాల్సి వస్తే గొంతు తగ్గించి, బల్ల మీది కాగితాల వైపు చూస్తూ 'నాట్ పాసిబుల్' అనో, 'అండర్ కన్సిడరేషన్' అనో అనేవారు. మనిషి ముఖం మీద లేదనలేని మర్యాద అని మిగతావాళ్లు అనేవారు. పిరికితనమని నేను వాదించేదాన్ని.

ఆ ఏడు నస్రుల్లాబాద్ దగ్గర మా మేనత్త వాళ్ల చెరుకు పూతకొచ్చింది. మామయ్య మంచం పట్టి ఉన్నాడు, ఇల్లు గడవడానికి ఆ ఒక్క తోటే ఆధారం, పూత వచ్చాక నరకకపోతే చెరుకు బెండువారి తూకం పోతుంది. వరుస ప్రకారం ఆమె వంతు వచ్చినా పెద్ద రైతుల తోటలు ముందుకు జరిగాయి. నేను సెలవులో ఉన్న రోజు అత్త వచ్చి అడిగితే, సార్ అలవాటు ప్రకారం కాగితాలు చూస్తూ 'అండర్ కన్సిడరేషన్' అన్నారట. అంత పెద్ద మాట అంత మెత్తగా అన్నాడంటే పనైనట్టేనని సంబరపడి, మర్నాడు అత్త నరికేవాళ్లకని పెద్ద గంజు నిండా అన్నం, పప్పు వండి, గట్టు మీద పెట్టుకుని పొద్దుగూకే దాకా కూర్చుంది. ఎవరూ రాలేదు. తెల్లారి నా కిటికీ దగ్గరికొచ్చి, "ఏందే బిడ్డా, మీ సారు ఇంగ్లీషుల ఒప్పుకున్నడు గదనే, ఒక్కలు రాకపాయె. గంత అన్నం బర్లకు పెట్టిన" అంది.

నేను అత్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, "సార్, మొన్న చెప్పిన మాటనే మా అత్తకు తెలుగుల చెప్పుర్రి" అన్నాను. సార్ నోరు తెరిచారు. మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు. "దేఖో అమ్మా..." అని ఉర్దూలోకి దిగబోతే, అత్త కొంగు సర్దుకుని, "ఉర్దూ గూడ సమజైతది సారూ, చెప్పుర్రి" అంటూ ఎదురుగా నిలబడింది. ఆయన మొదటిసారి కాగితాలు వదిలి ఆమె ముఖం చూశారు. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. చివరికి మేస్త్రీని పిలిచి, ముందు ఈమె తోట నరికించమని తనకు వచ్చిన మరాఠీలోనే చెప్పారు, మాకందరికీ అర్థమైంది. అత్త పోతూ పోతూ, "గింతదానికి గంత పరేషానెందుకు సారూ" అని ఆయన్నే ఓదార్చింది.

నన్ను ఆ వారమే కిటికీ దగ్గర నుంచి తీసేసి వెనక గదిలో టైపు మిషన్ ముందు కూర్చోబెట్టారు. ఆ ఉత్తర్వు ఏ భాషలో వచ్చిందో చెప్పనక్కర్లేదు.

ఇదంతా మనసులో మెదిలి, మొన్న హాలు అబ్బాయిని కూడా "తెలుగుల చెప్పు తమ్మీ" అని అడిగాను. పాత మందు పనిచేస్తుందేమోనని ఆశ. "దొరకదక్కా" అన్నాడు టక్కున, తెర మీంచి చూపు తిప్పకుండానే, "జర జరుగుర్రి, ఎనక మనుషులున్నరు." చెడ్డపిల్లవాడేం కాదు. ఆ కాదన్న మాట అతనిది కాదు మరి, ఎక్కడో తయారై తెర మీదికి వచ్చింది. దాన్ని ఏ భాషలో చదివినా అతనికి ఒకటే.

పాటలు మా చెల్లె వాళ్ల డాబా మీద పాడుకుంటున్నాం, ఆ లోటేం లేదు. మా సార్‌ది పిరికితనమేనని ఇప్పటికీ అంటాను. కానీ నీళ్ల గ్లాసు పట్టుకుని, మా అత్త ముఖం చూసి మాట పెగలక ఆయన ఆగిపోయిన ఆ కాసేపు ఉందే, అలాంటిది ఈమధ్య ఏ ఆఫీసుకెళ్లినా నా కంటపడటం లేదు.