మత్తడి కింద అవ్వ వల

మొన్న మేడ్చల్ మార్కెట్‌లో వంజరం ఏదని అడిగితే, సముద్రంలో వేట నిషేధం నడుస్తోందని అమ్మే మనిషి చెప్పాడు. నాతో వచ్చిన పక్కింటి కోస్తా ఆవిడ ప్రభుత్వాన్ని తిట్టిపోసింది. చేప గుడ్లు పెట్టే కాలంలో నాలుకను కాస్త కట్టేసుకుంటే పోయేదేముందని నేను వాదనకు దిగాను గానీ, ఇంటికొచ్చేదాకా నాయినను కన్న మా అవ్వే కళ్లముందు మెదిలింది.

తొంభైల్లో నేను డిగ్రీ చదివే రోజుల్లో, అలియాబాద్ దగ్గరి మా ఊరి చెరువు చేపల సంఘంలో నాయిన సభ్యుడు. గుడ్లు పెట్టే వానాకాలంలో వల వేస్తే సభ్యత్వం పోతుంది, దాంతో చెరువులో వాటా పోతుంది, వాటా పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు. అయినా చెరువు నిండి, అలుగు మీంచి నీళ్లు పొర్లి మత్తడి దుంకగానే, ఆ నీటికి ఎదురెక్కే చేపలను ఆడవాళ్లు దిగువ కాలువలో గంపలతో పట్టుకోవడం తాతల నాటి అలవాటు.

ఆ ఏడు అవ్వ గంపతో ఊరుకోక నాయిన వల కూడా పట్టుకుపోయింది. చేపల శాఖ ఆఫీసరు, సంఘం అధ్యక్షుడు వచ్చి ఆమెను నీళ్లలోనే పట్టుకున్నారని తెలిసి నాయినా నేనూ ఉరికాం. వల కొడుకుది కాబట్టి సభ్యత్వం పోయేదీ కొడుకుదేనన్నాడు ఆఫీసరు. మత్తడి దాటిన నీళ్లు చెరువెలా అవుతాయని నేను నిలదీస్తే, నిషేధం కాలువకూ ఉందని ఒక్క ముక్కలో నా నోరు మూయించాడు. వరసకు నాకు పెదనాయినయ్యే అధ్యక్షుడు, సభ్యుడి ఇంటి మనిషి పట్టినా సభ్యుడు పట్టినట్టేనని వంత పాడాడు.

అవ్వ నీళ్లలోంచే అందుకుంది. “ఏంది కొడకా, ఇంటి మనిషినా? నన్ను గూడ సంగంల జేర్చుకోమంటే, ఆడిదానికి సంగమేందని నవ్వింది నువ్వు గాదా? జేర్చుకునేనాడు కండ్లవడనిదాన్ని, తీసేసేనాడు ఎట్ల కండ్లవడితి?”

“అట్ల గాదు చిన్నమ్మా...”

“ఎట్ల మరి? జెర జల్దీ జెప్పు, సలి వెడ్తాంది!”

గట్టు మీది ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. చివరికి వల మాత్రం తీసుకుని, నాయిన జోలికి రాకుండా జీపెక్కాడు. గంపలోని చేపలన్నీ గుడ్లతోనే ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే అవ్వ వాటిని కాలువలోకి వంచేసింది.

చట్టం తప్పని నేనిప్పటికీ అనను. చెరువు పంచేనాడు కనిపించని ఆడది శిక్ష పంచేనాడు కనిపించడమే నాకు మింగుడుపడలేదు.

ఇప్పుడు సంఘంలో ఆడవాళ్లనూ చేర్చుకుంటున్నారు, మా వదిన సభ్యురాలు. ఈలోగా మత్తడి కింద కాలువను పూడ్చి ప్లాట్లు చేశారు, ప్రహరీలు లేచాయి. వానాకాలంలో వదిన ఒక్కనాడూ కట్టుబాటు తప్పలేదని సంఘంలో మంచి పేరు. తప్పుదామన్నా, అక్కడ ఎదురెక్కే చేపేది?