తాండూరులో తోలుపని: నేను ముట్టుకోకూడని పట్టీ

తోలు మీద పూలు చెక్కడం నేర్చుకోవాలని ఆన్‌లైన్‌లో ముద్రల సెట్టు కొన్నాను. ఎంత గట్టిగా కొట్టినా గంటలో పువ్వు మాయమయ్యేది. వికారాబాద్‌లో మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయనకు ఆ తోలు చూపిస్తే నవ్వాడు. "గిది మందులల్ల నానిన తోలు మేడం, ముద్ర పట్టది. తంగేడు చెక్క నీళ్లల్ల నానవెట్టి ఊనిన తోలు గావాలె. తాండూరుల మా సాయిలు మామ ఉన్నడు, పోయి అడుగుండ్రి." ఆ ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ప్యాసింజర్ రైలెక్కాను. టికెట్టు ముప్పై రూపాయలు దాటలేదు, గంట ప్రయాణం. స్టేషన్ బయట ఎక్కిన షేర్ ఆటో ఆయన ఇంటి మలుపులోనే దించింది.

సాయిలు గారికి డెబ్భై ఏళ్లుంటాయి. వాకిట్లో నాపరాయి మీద తోలు పరిచి తడిగుడ్డతో తుడిచారు. "రంగు మల్ల తేటగయ్యేదాక ఆగాలె. పచ్చిగున్నప్పుడు కొడితె అలుక్కపోతది" అన్నారు. తర్వాత కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేశారు. పూరేకు అలాగే నిలిచిపోయింది! మధ్యాహ్నం దాకా చిన్న ముక్కల మీద కొడుతూనే ఉన్నాను. ఆయన భోజనానికి లోపలికి వెళ్లేసరికి ముక్కలు అయిపోయాయి. గోడకు నున్నటి పొడవాటి పట్టీ ఒకటి వేలాడుతోంది. అడగాలని కూడా తోచలేదు. తీసి ఐదు పూలు కొట్టేశాను. మూడు వంకరపోయాయి.

బయటికొచ్చిన సాయిలు గారు చూసి కొయ్యబారిపోయారు. "ఏం జేసినవ్ బిడ్డా! అది కోట్‌పల్లి అనంతమ్మ బర్రె తోలు!"

పన్నెండేళ్లు పాలిచ్చి ఆ ఇంటిని సాకిన బర్రె నాలుగు నెలల కింద ఈనుతూ చచ్చిపోయిందట. బతికిన దూడ మెడకు గంట కట్టాలని, ఆ తల్లి తోలుతోనే పట్టీ చేయమని అనంతమ్మ ఇచ్చిందట. రెండింటికి ఆమె పట్టీ కోసం రానే వచ్చింది.

తప్పు నాదేనని నేనే చెప్పాను. ఆమె పట్టీని ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడిమింది. "అడగకుండ ముడ్తరా?"

"కొత్త తోలుతో చేయించి ఇస్తానమ్మా."

"కొత్తదేం జేసుకోను? నా బర్రె మల్ల వస్తదా?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆమే పట్టీని నా ముందుకు తోసింది. "సగంల ఇడిశిపెట్టకు. కొనదాక కొట్టు. నేను ఈడనే కూసుంట."

మిగిలిన పట్టీని తడిపి మళ్లీ సుత్తి పట్టాను. నాలుగున్నరకు పని పూర్తయింది. ఆమె గంట కట్టి ఒకసారి ఆడించి చూసింది, సంచిలో పెట్టుకుంది. బాగుందని అనలేదు. గుమ్మం దగ్గర ఆగి, "గీ మూడు వంకర పూలు జూసినప్పుడల్లా నువ్వే యాదికొస్తవ్" అని వెళ్లిపోయింది.

అది కోపమో క్షమించడమో నాకు ఇప్పటికీ తెలియదు. తిరుగు రైల్లో నా చెప్పుల వైపు, బ్యాగు వైపు చూడటానికి కూడా జంకాను. తోలు అంటే బజారులో దొరికే సరుకని ఇన్నాళ్లూ ఎంత తేలిగ్గా అనుకున్నాను! మీరూ నేర్చుకోవడానికి వెళ్తే, సాధన ముక్కలు ముందే అడిగి మీ పక్కన పెట్టుకోండి. అవి అయిపోతే, గురువు తిరిగి వచ్చేదాకా సుత్తి కింద పెట్టి కూర్చోండి.