నది ఒడ్డున గుడారం

కుట్టుమిషను మీద బతుకు వెళ్లదీసే ఆమెకి తండ్రి గురించి తెలిసింది తక్కువే. అభయారణ్యంలో సఫారీ జీపు నడిపేవాడు. నది దగ్గర అడవిదున్న పొడిచింది. "ఒక్క పోటుకే పోయాడు, బాధపడలేదు" అనేది తల్లి. అంతకు మించి అడిగితే నోరు మూయించేది. ఆవిడ పోయాక ఏడాది తిరక్కుండానే అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ అడవికి ప్రయాణం కట్టారు.

బస దగ్గరే పేచీ వచ్చింది. గేటు పక్కన గోడలూ ఇనుప తలుపులూ ఉన్న గదులున్నాయి. లోపల నది ఒడ్డున గుడారాలున్నాయి.

"గది తీసుకుందామక్కా. గుడ్డ చాటున మృగాల మధ్య పడుకోవడమేంటి? నాన్నొక్కడు చాల్లేదా?" అన్నాడు తమ్ముడు. బస్సు డ్రైవరు. కొండమలుపుల్లో జంకడు గానీ వీధికుక్క మొరిగితే సందు మార్చే రకం.

"గేటు చూడ్డానికి ఇంతదూరం ఎందుకురా? నాన్న పోయింది నది దగ్గర. నీకు భయమైతే నువ్వు గదిలో ఉండు."

"నిన్నొక్కదాన్నీ వదిలి ఎలా ఉంటాను?" అంటూ వాడే తలొగ్గాడు.

వాళ్లు దిగేసరికి ఏనుగుల గుంపు నీళ్లు తాగుతోంది. తమ్ముడు కూడా భయం మరిచి చూస్తుండిపోయాడు. టీ తెచ్చిన ముసలి వంటమనిషి మాటల మధ్య సంగతి తెలుసుకుని, "ఆ డ్రైవరు పిల్లలా మీరు!" అంటూ చతికిలబడ్డాడు.

"దున్న దానంతటది మీదికి రాలేదు తల్లీ. జీపులో పెద్దమనిషి టోపీ ఎగిరిపోయింది. దిగి తెమ్మన్నాడు. పొదలో దున్న ఉందండీ అన్నాడు మీ నాన్న. ఆయన కసిరాడు. దిగక ఏం చేస్తాడు?"

"వెంటనే పోయాడు కదా?" అంది ఆమె.

ముసలాయన తల దించుకున్నాడు. "లేదమ్మా. మా వంటపాకలోనే పడుకోబెట్టాం. నీళ్లు అడిగాడు. మిమ్మల్ని తలుచుకున్నాడు. ఉన్నది ఆ ఒక్క జీపే. ముందు అతిథుల్ని గేటు దగ్గర దింపమన్నారు పైవాళ్లు. అది తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది."

"అమ్మకి తెలుసా ఇదంతా?"

"నేనే చెప్పాను. పిల్లలకి మాత్రం చెప్పొద్దని దణ్ణం పెట్టింది."

తమ్ముడు ముఖం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమెకి కన్నీళ్లు రాలేదు. ఆ మాట అన్నేళ్లు కడుపులో పెట్టుకుని, తనకి జడలు వేసి, ఇద్దరికీ అన్నాలు పెట్టిన తల్లి ముఖమే కళ్లముందు మెదిలింది.

"గేటు దగ్గర గది దొరుకుతుందేమో అడగరా. ఇక్కడ ఉండలేను" అంది.

వాడు ఎత్తిపొడవలేదు. సంచులు భుజానికెత్తుకున్నాడు. మర్నాడు సఫారీకి వెళ్లకుండానే ఊరికి బస్సెక్కారు.

ఏం చూశారని చుట్టుపక్కల వాళ్లు అడిగితే "ఏనుగుల్ని" అంటుంది. మిషను తొక్కుతూ తల ఎత్తదు.