చూపులకు నేను పెట్టిన ఇంగ్లీషు పేర్లు

చిన్నీ, కిట్టూ, ఫోను దగ్గరగా పెట్టుకుని వినండి. మీ మామ్మ ఇంగ్లీషు నేర్చుకుని, నిక్షేపంలాంటి ఒక పెళ్ళిసంబంధాన్ని గోదాట్లో ఎలా కలపబోయిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి కానీ మీ అమ్మతో మాత్రం అనకండి. తను ఇప్పటికీ నన్ను పెద్దమనిషి కిందే లెక్కేస్తోంది.

అసలు తప్పు కొంత మీదే. వేసవి సెలవులకి పుణె నుంచి వచ్చి, ఊసుపోక నాకు చూపుల పేర్లన్నీ నేర్పించారు. అలా చూసి ఇలా తిప్పుకుంటే గ్లాన్స్. రెప్పెయ్యకుండా చూస్తే స్టేర్. మైమరచిపోయి చూస్తే గేజ్. తలుపు సందులోంచి చూస్తే పీప్. కోపంగా చూస్తే గ్లేర్. మీరు వెళ్ళిపోయాక నాకు ఇంకో పని లేదు. పిల్లి వంటింట్లోకి తొంగి చూస్తే పీప్, మీ తాతగారు నా కాకరకాయ కూర వైపు చూస్తే గ్లేర్. కొత్త గాజులు వేసుకున్న పిల్లలా ఆ మాటల్ని గలగలలాడించుకుంటూ మండపేట అంతా తిరిగాను.

సరిగ్గా అప్పుడే పక్కింటి కామేశ్వరిగారి అమ్మాయి లావణ్యకు పెళ్ళిచూపులు కుదిరాయి. అబ్బాయిది రావులపాలెం, అరటి గెలల వ్యాపారం. ఫొటో చూసిన దగ్గర్నుంచీ ఈ పిల్ల ఆ అబ్బాయి మీద మనసు పెట్టుకుందని నాకొక్కదానికే తెలుసు. వాళ్ళు వచ్చే ముందు నా చెయ్యి పట్టుకుంది.

"మామ్మగారూ, నలుగురిలో తలెత్తి చూడాలంటే నాకు సిగ్గండి. ఆయనకి నేను నచ్చానో లేదో ఎలా తెలుస్తుందండి?"

"నువ్వు తల వంచుకుని కూర్చోవే. చూసే పని నాకొదిలెయ్. అతను ఏ చూపు చూస్తే దాని పేరు నీ చెవిలో ఇంగ్లీషులో వేస్తాను."

"ఇంగ్లీషులో ఎందుకండీ?"

"తెలుగులో అయితే ఇంత పొడుగు చెప్పాలి. అందరూ మనవైపే చూస్తారు. ఇంగ్లీషైతే ఒక్క ముక్కతో సరి."

ఆ పిల్ల నన్ను నమ్మింది. ఇప్పటికీ నేను తల దించుకునేది అందుకే.

సాయంత్రం వాళ్ళొచ్చారు. బజ్జీలు, పూతరేకులు పెట్టారు. లావణ్య పక్కనే, అబ్బాయికి సరిగ్గా ఎదురుగా నా కుర్చీ వేయించుకున్నాను. కళ్ళజోడు చీరకొంగుతో తుడుచుకుని, చేపల చెరువు గట్టు మీద కొంగలా మెడ సాచాను.

అబ్బాయి మావైపు చూశాడు.

"గ్లాన్స్" అన్నాను. పిల్ల బుగ్గలు ఎర్రబడ్డాయి.

ఆ చూపు టక్కున నేల మీదకు దిగిపోయింది.

"ఇప్పుడేంటండీ?"

"నేలని చూస్తున్నాడే. దానికి మా పిల్లలు పేరు చెప్పలేదు."

ఇంకాస్త ముందుకు వంగాను. అతను మళ్ళీ తలెత్తి, కనుబొమలు ముడేసి అలాగే ఉండిపోయాడు.

"స్టేర్" అన్నాను. తర్వాత బాగా ఆలోచించి, "కాదు, గ్లేర్" అని సవరించాను.

"అంటే కోపమా అండి?"

"కోపమే."

పిల్ల తల ఒళ్ళోకి వాలిపోయింది. అబ్బాయి బజ్జీ ముట్టుకోకుండానే "వెళ్దామమ్మా" అన్నాడు.

వాళ్ళు అటు గడప దాటగానే వంటింట్లో లావణ్య ఏడుపు మొదలైంది.

"నాకీ సంబంధం వద్దమ్మా. చూడ్డానికొచ్చినప్పుడే అంత కోపమైతే రేపెలాగ?"

"కోపమేంటే? నాకేం కనిపించలేదే" అన్నారు కామేశ్వరిగారు.

"మామ్మగారు చూశారమ్మా."

కామేశ్వరిగారు నావైపు తిరిగారు. నేను మిగిలిన బజ్జీ నములుతూ, తీర్పు చెప్పే జడ్జిలా తలూపాను. అంతలో ఫోను మోగింది. అబ్బాయి వాళ్ళమ్మగారు. కామేశ్వరిగారు స్పీకరు పెట్టారు.

"చూసినంతలో మావాడికి మీ అమ్మాయి నచ్చిందండి. కానీ మీ ఇంట్లో పెద్దావిడకి మేం నచ్చినట్టు లేదండి."

"పెద్దావిడెవరండీ?"

"అదేనండి, అమ్మాయి పక్కన కుర్చీలో కూర్చున్నారు. మావాడు తలెత్తినప్పుడల్లా మింగేసేలా చూశారటండి. ఎందుకో అర్థంకాక వాడూ ఆవిణ్ణే చూస్తూ ఉండిపోయాడట. ఇంక మీ అమ్మాయిని సరిగ్గా చూసిందెక్కడండి? ఆవిడకి రెప్పలు పడని జబ్బేమైనా ఉందేమో, పోనీ కనుక్కోమ్మా అంటున్నాడు."

లావణ్య కళ్ళు తుడుచుకుని నావైపు చూసింది. ఆ చూపుకి ఇంగ్లీషులో పేరుందో లేదో తెలీదు కానీ, నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. నోట్లో బజ్జీ అలాగే మింగేసి ఫోను అందుకున్నాను.

"ఆ పెద్దావిణ్ణి నేనేనండీ. జబ్బేం లేదండి. బుద్ధి లేకపోవడమేనండి. మీ అబ్బాయి బంగారమండి. ఇంకొక్కసారి రమ్మనండి, నేను ఆ ఛాయలకే రాను."

వాళ్ళు మళ్ళీ వచ్చారు. ముందురోజే కామేశ్వరిగారు మా గుమ్మంలోకొచ్చి, "మీకు శ్రమెందుకండీ, రేపు ఇంట్లోనే విశ్రాంతి తీసుకోండి" అన్నారు. అంత మర్యాదగా నన్ను ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు. ఆ పూటంతా ఇంట్లో కిటికీలు కూడా మూసుకుని కూర్చున్నాను.

సంబంధం కుదిరింది. పెళ్ళిలో అక్షింతలు వెయ్యడానికి భయపడుతూనే వెళ్ళాను. పెళ్ళికొడుకు వంగి నా కాళ్ళకి దండం పెట్టి, నెమ్మదిగా అన్నాడు.

"మామ్మగారూ, ఇంక ఎంతసేపైనా చూడండి. తాళి కట్టేశానండి."

లావణ్య పగలబడి నవ్వింది. నేను మాత్రం కళ్ళు గట్టిగా మూసుకునే అక్షింతలు వేశాను. సగం పురోహితుడి మీద పడ్డాయట.

కోరుకొండ నరసింహస్వామి సాక్షిగా చెబుతున్నాను పిల్లలూ. ఇకమీదట ఎవరి పెళ్ళిచూపులకి పిలిచినా నా కుర్చీ గోడవైపు తిప్పుకునే కూర్చుంటాను. రేపు మీ పెళ్ళిచూపులకైనా అంతే. ఎవరు ఎలా చూస్తున్నారో మీరే తలెత్తి చూసుకోండి.