నిమ్మపండు రంగు గది

మా పెదనాన్న పెయింట్ల దుకాణంలో రంగులు కలిపేవాడు. గోడ నుంచి ఊడిన పెచ్చు ఒకటి తెచ్చిస్తే చాలు, చూసి అచ్చం అదే రంగు కలిపి ఇచ్చేవాడు. దుకాణంలో అందరూ ఆయన్ని డేగకన్ను అనేవారు. కలిపే మిషన్ వచ్చాక కూడా చివరి మాట ఆయనదే. డబ్బా ఇచ్చే ముందు ప్రతి ఒక్కరికీ ఒకటే చెప్పేవాడు: "లోపల చూసి మోసపోకండి. వీధి వెలుతురులో చూసుకోండి."

వాళ్ళమ్మాయి, అంటే మా అక్క, కడుపుతో ఉన్నప్పుడు వెనకగదికి తనే నిమ్మపండు రంగు వేశాడు. పాప పుట్టిన మూడోరోజు అక్క ఆ గదిలోంచే పిలిచింది.

"నాన్నా, పాప పచ్చగా లేదూ?"

పెదనాన్న జేబులోంచి రంగుల కార్డు తీసి పాప బుగ్గ పక్కన పెట్టాడు. పెద్దమ్మ నవ్వింది.

"చాల్లెండి సంబడం! అది పసిపిల్ల, గోడ కాదు."

"నువ్వుండవే. ఇది పిల్ల రంగు కాదమ్మా, గోడ రంగు. ఎండ గోడకి కొట్టి దాని మొహాన పడుతోంది. నీ చెయ్యి చూసుకో, నువ్వూ పచ్చగానే ఉన్నావు."

అక్క చూసుకుంది. నిజంగానే పచ్చగా ఉంది.

"కళ్ళు కూడా అలాగే ఉన్నాయి నాన్నా. ఓసారి డాక్టరుకి చూపిస్తే..."

"మూడ్రోజుల పిల్లని ఎక్కడ తిప్పుతావు? ముప్పై ఏళ్ళుగా రంగులు చూస్తున్నాను. నా మాట మీద నమ్మకం లేదా?"

అక్కకు నమ్మకం ఉంది. అదే వచ్చిన చిక్కు.

ఐదోరోజు ఉదయం పాప ఎంత లేపినా లేవలేదు. పాలు తాగలేదు. ఒళ్ళు గుడ్డపేలికలా వేలాడిపోయింది. అక్క ఎత్తుకుని పరుగున గడప దాటింది. అప్పుడు, వీధి వెలుతురులో, పెదనాన్న మొదటిసారి పాప మొహం చూశాడు.

ఆసుపత్రిలో కామెర్లు బాగా ముదిరాయన్నారు. కళ్ళకు గంతలు కట్టి నీలం లైట్ల కింద పడుకోబెట్టారు. రక్తం మార్చారు. ఆ నీలం వెలుగులో పాప ఏ రంగులో ఉందో పెదనాన్నకు తెలియలేదు. గది అద్దం బయటే నిలబడి, వచ్చిన ప్రతి నర్సునూ "తగ్గిందా అమ్మా?" అని అడిగాడు.

"రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే లైట్లతోనే తగ్గిపోయేది" అంది డాక్టరమ్మ. కోపంగా కూడా అనలేదు.

పాప బతికింది. వినికిడి మాత్రం దెబ్బతింది. ఇప్పుడు ఐదేళ్ళు. చెవులకు మిషన్లు పెట్టుకుని, తాత పెదవులు చూస్తూ నవ్వుతుంది. అక్క ఆయన్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అనేస్తే బాగుండునని పెదనాన్న పెద్దమ్మతో అన్నాడట.

వెనకగదికి ఎప్పుడో తెల్లసున్నం వేసేశాడు.

మొన్న అక్కకు బాబు పుట్టాడు. మూడోరోజు పొద్దున్నే ఎవర్నీ ఏమీ అడక్కుండా వాణ్ణి ఎత్తుకుని రక్తపరీక్షకు బయల్దేరింది. పెదనాన్న తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఒకప్పుడైతే "ఏదీ, ఇలా తే" అనేవాడు.

"జాగ్రత్తగా వెళ్ళిరా అమ్మా" అన్నాడు. బాబు మొహం వైపు చూడలేదు.